ప్రాచీననాణెముల క్షతివిచారము

నాణెమును దెలుపు సంస్కృతపదములలో "రూప్యము" అనునది విచారింపదగినది. రూపశబ్దముమీద ఆహతార్థమునను, ప్రశంసార్థమునను యప్ప్రత్యయము వచ్చునని పాణిని యైదవ యధ్యాయమున విధించినాడు. ఆహత మనగా దెబ్బ తిన్నది. దీనారాదులయందు సుత్తి మొదలగువాని దెబ్బచే నేర్పడు రూపమే యిచ్చట నుద్దేశింపబడిన యాహతమని కాశికాకారులు వివరించిరి. కావున లోహఖండము నాణె మగుట దెబ్బవలననే. ఆ దెబ్బ లేనిచో నది తూచి యమ్ముకొను వెండిముక్క మాత్రమే. ఇట్లు దెబ్బచేతనే పుట్టిన వస్తువునకు దరువాత దగిలిన దెబ్బలు దాని విలువను దగ్గించునా? నిలుపునా? పెంచునా? ఈ ప్రశ్నము నాణెములను గూర్చుకొను వేడుకకాండ్రకు మాత్రమే కాదు, శాసనములవలెనే నాణెములను జరిత్రకు సాక్ష్యముగా గ్రహించు వారికందఱకును గావలసినది.

మొదట వెలను, విలువను వేఱుపఱుపవలెను. అంగడిలో నొకడు కొనగోరి యిచ్చు ధనము వెల. ఆ వస్తువు మన కెఱిగించు విషయముయొక్క గౌరవమును ఈ వ్యాసమున విలువ యనుచున్నాను. లోకవ్యవహారమున నీ రెండును గలసిపోవుచుండును. నాణెమునకు క్షతి కలిగినపుడు మాత్రము రెండును విడిపోయి కానవచ్చును. చెడిన నాణెము చౌక యనుట వెలనుగూర్చి చాలవఱకు నిజము. విలువనుగూర్చి సగము నిజము. ఆ తక్కిన సగమును జూపుటయే యీ వ్యాసమునకు బ్రయోజనము.

అంగడి మర్యాద ముందు చెప్పెదను. పాతనాణెము వెల దాని లోహమును, అరుదుతనమును, కోరువారి సంఖ్యను, స్థితిని బట్టి యుండును. స్థితిని నిర్ణయించుటకై 1949లో అమెరికాదేశీయుడగు విలియం షెల్డన్ ఆ దేశపు పాత రాగిసెంట్లవిషయమున 1 మొదలు 70 వఱకు నంకెలతో నొక కొలమానమును గల్పించెను. ఏ రకపుదో గుర్తుపట్టుటకు మాత్రమే వీలగునంతగా నఱిగినదానికి 1. ఏ కొఱతయు లేనిదానికి 70. అంకె యెంతయో వెలయు నన్ని రెట్లుండునని యాతని తలంపు. వెలలు మాఱిపోవుటచే నా లెక్క నిలువలేదు గాని, యంకెలు మాత్రము నిలిచి నేడు పెక్కు దేశములలో వ్యవహారమున నున్నవి. ఈ పద్ధతిలో గమనింపదగిన దేమన, చేతులు మాఱుటచే గలిగిన యరుగుదల యంకెను దగ్గించును. రంధ్రము, గీత, గట్టిగా తోమిన జాడ మొదలగునవి యున్న నాణెమునకు బరీక్షకులు సామాన్యముగా నంకెయే యీయక, దాని గాయమును బేర్కొని వేఱుగా నుంచెదరు. అనగా నంగడివారికిని అరుగుదల వేఱు, గాయము వేఱు.

అంగడివారును గాదనలేని యపవాద మొకటి కలదు. ఒక రకపు నాణెములు వేలకొలది యున్నచో గాయపడినదానిని గోరువా డుండడు. మిక్కిలి యరుదైనచో గాయమును లెక్కించువా డుండడు. గోదావరీతీరమున, నేటి జగిత్యాల జిల్లాలోని కోటిలింగాలయందు ఛిముకుని పేరు గల నాణెములు లభించినవి. 1979లో నారంభమైన త్రవ్వకము లా చోటికి బ్రసిద్ధి కలిగించినవి. ఛిముకుడే సాతవాహనవంశకర్తయగు సిముకుడని పండితులు పెక్కండ్రు గ్రహించిరి. అంతకుముం దా రాజు పేరు పురాణములవలనను, నానాఘాటు గుహలోని ప్రతిమకు జెక్కిన పేరువలనను దెలియవచ్చెడిది. అట్టి నాణెమున నంచు చిట్లినను, నేల తినివేసిన గుంటలున్నను, పేరులోని మూడక్షరములు నిలిచినచో జాలును.

ఇక క్షతిభేదములను విచారింతము. వైయాకరణులకు బరిచితములైన మూడు మాటలు క్రమము కొఱకు నిచ్చట గ్రహించుచున్నాను: లోపము, ఆగమము, ఆదేశము. ఉన్నది కానరాకుండుట లోపము. లేనిది వచ్చి చేరుట యాగమము. ఒకదాని చోట మఱియొకటి నిలుచుట యాదేశము. నాణెమున కనంతరకాలమున గలుగు మార్పులు దాదాపుగా నన్నియు నీ మూడింటిలో నిముడును.

వీనికంటె ముందు, క్షతి కాకయే క్షతివలె దోచు స్వభావమును దొలగింపవలెను. బహుముద్రాంకితములగు ప్రాచీన రజతకార్షాపణముల మూలలు తఱచుగా గత్తిరించినట్లుండును. అది దొంగ చేసిన పని కాదు. టంకసాలలోనే తూనిక సరిపుచ్చుటకై కత్తిరించినది. అట్లే నాణెపుబిళ్ళ కంటె ముద్ర పెద్దదైనచో లేఖనములో సగమే బిళ్ళమీద బడును. తక్కిన సగము పోయినది కాదు, ఎన్నడును బడనే లేదు. పుట్టువును క్షతి యనుకొనువాడు మంచి నాణెమును ద్రోసివేయును.

లోపములలో మొదటిది యరుగుదల. కార్షాపణము తూనిక 32 గురిగింజలు, అనగా నించుమించు మూడున్నర గ్రాములని లెక్క. అది చేతినుండి చేతికి మాఱుకొలది కంటికి గానరాని వెండి రాలిపోవుచుండును. ఒక్క నాణెమును జూచిన నీ నష్టము వ్యర్థముగనే తోచును. తక్షశిలలోని భిర్ దిబ్బయందు 1912లోను 1924లోను రెండు నిధులు దొరకినవి. వానిలోని నాణెముల తూనికలను గణితవేత్తయగు దామోదర ధర్మానంద కోశాంబి 1940 ప్రాంతమున బరిశీలించి, వెనుకవైపున నున్న చిన్న గుర్తుల సంఖ్య పెరిగినకొలది నాణెముల సగటు తూనిక తగ్గుచున్నదని చూపెను. ఆ గుర్తులు పలుమాఱులు పరీక్షించిన వర్తకులు వేసినవని యాతని మతము. కాబట్టి పోయిన వెండియే నాణె మెంతకాలము నడచినదో చెప్పుచున్నది. 1924 నాటి నిధిలోనే యలెగ్జాండరు నాణెములు రెండును, అతని సవతిసోదరుడగు ఫిలిప్ అర్హిడేయసు నాణె మొకటియు నుండెను. అవి టంకసాలనుండి యప్పుడే వచ్చినట్లు క్రొత్తవిగా నుండుటచే, క్రీ. పూ. 317లో ముగిసిన ఫిలిప్ కాలమునకు మిక్కిలి దూరము గాక యా నిధి పాతిపెట్టబడినదని యూహింప వీలైనది. ఒకచో నరుగుదలయు నింకొకచో నరుగుదల లేమియు సాక్ష్యము లైనవి. ప్రత్యయము లోపించినను దాని కార్యము నిలుచునని పాణినీయులు చెప్పుదురు గదా, అట్టిదే యిది.

రెండవ లోపము కత్తిరింపు. నాణెము నడచుచున్న కాలముననే దాని క్షతికి వెల కట్టు పద్ధతి యుండెను. మనవారు దానినే వట్టమనిరి. పాతబడిన రూపాయికి, తూనిక తగ్గిన రూపాయికి సరాఫు కొంత పట్టుకొని తక్కినది యిచ్చెడివాడు. బంగాళమున సిక్కారూపాయిపై నున్న రాజ్యవర్షము పాతదైనకొలది వట్టము పెరుగుచుండెడిది. దీనిని మాన్పుటకై యీస్టిండియా కంపెనీవారు 1793లో షా ఆలము పందొమ్మిదవ వర్షపు సిక్కానే ప్రమాణముగా జేసి, యేండ్లు గడచినను ఆ యంకెనే ముద్రించుచు వచ్చిరి. అంచు గోసినచో వెంటనే తెలియుటకై యంత్రముతో నంచున గీట్లు దీర్చిరి. నేడు మనము నాణెపుటంచున జూచు గీట్లకు మూల మిట్టి భయమే. కత్తిరింపు నాణెమునకు దోషమే యైనను, ఆ కాలపు వ్యవహారమునకు సాక్ష్యము.

లోప మెంత యనుటకంటె నెచ్చట ననుట ముఖ్యము. తూర్పుచాళుక్యుడగు రాజరాజనరేంద్రుని బంగారునాణెములను దలచుకొందము. నడుమ వరాహము, చుట్టును విడివిడిగా గొట్టిన చిన్నముద్రలలో రాజు పేరులోని యక్షరములును, రాజ్యవర్షాంకమును. ఆ బిళ్ళలు వెడల్పై మిక్కిలి పలుచనివి. వరాహముమీద గీత పడిన నాణెమును వేడుకకాడు మెచ్చడు. అంకె యున్న యంచుముక్క విఱిగి, వరాహము చెక్కుచెదరక నిలిచిన నాణెమును మెచ్చును. చరిత్రకారుని కీ తీర్పు తలక్రిందు. గీత పడినను వర్షాంకము నిలిచినదే యాతనికి శ్రేష్ఠము. వాక్యమున విశేషణము పోయినను నర్థము కొంత నిలుచును. క్రియ పోయినచో నాకాంక్ష తీఱదు.

ఇక నాగమము. 1898లో పుదుక్కోట సంస్థానమున 501 రోమక సువర్ణనాణెములు గల నిధి దొరకినది. అవి అగస్టసు మొదలు వెస్పేసియను వఱకు గల చక్రవర్తుల కాలపువి. వానిలో నూటికి దొంబదివంతులకు మించి చక్రవర్తి శిరస్సుమీద ఉలిగాటు పడియున్నవి. అంగడిలో నట్టి గాటు గొప్ప దోషము. కాని యీ గాట్లు ప్రాచీనములు, ఉద్దేశపూర్వకములు. లోపలి లోహమును బరీక్షించుటకని కొందఱును, ఇక నాణెముగా జెల్లకుండునట్లు చేయుటకని కొందఱును జెప్పుదురు. పరీక్షకే యైనచో గా టెచ్చటనైన వేయవచ్చును. ముఖముమీదనే పదేపదే వేయనేల? కావున రెండవ పక్షమే నాకు బలవత్తరముగా దోచుచున్నది. ఏది సిద్ధాంతమైనను, విదేశీయనాణె మీ దేశమున నెట్లు గ్రహింపబడినదను ప్రశ్నకు సమాధానము నాణెము చేసిన దెబ్బలో గాదు, గాయము చేసిన దెబ్బలో వెదకవలసి యున్నది.

రంధ్రము మఱియొక యాగమము. దక్షిణాపథమున దొరకిన రోమక సువర్ణనాణెములలో గొన్నిటికి రంధ్రములు పొడువబడినవి. కొన్నిటికి గొలుకు లతికింపబడినవి. మన స్త్రీలు ధరించు కాసులపేరును జూచినవారి కిది వింత గాదు. రంధ్రము పడిన నాణెము వెల తగ్గును. ఆ రంధ్రము ప్రాచీనమైనచో, ద్రవ్య మాభరణ మైనదనుటకు నది ప్రమాణము. ప్రాచీనమా, నూతనమా యనుట యెట్లు తెలియును? పాతరంధ్రపు టంచులు త్రాటి యొరపిడిచే నునుపుదేఱి యుండును. లోపలను నాణెపు మీదనున్న మట్టిపొరయు, వన్నెయు నుండును. క్రొత్తరంధ్రమున లోహము తళతళలాడును, అంచు కఱకుగా నుండును. గీతలకును, గాట్లకును నిదియే పరీక్ష.

మూడవది యాదేశము. దీనికి నాసిక జిల్లా జోగల్‌తెంబిలో 1906లో దొరకిన నిధికంటె మంచి యుదాహరణము లేదు. అందు 13,000లకు బైగా వెండినాణెము లుండెను. అన్నియు మొదట క్షహరాతుడగు నహపానుడు ముద్రింపించినవే. వానిలో 9,000లకు మించినవానిపై గౌతమీపుత్ర శాతకర్ణి తన చైత్యచిహ్నమును, ఉజ్జయినీచిహ్నమును, తన పేరును మఱల గొట్టించెను. క్రొత్తముద్రక్రింద నహపానుని ముఖమో, గ్రీకులిపిలోని యక్షరములో తొంగిచూచుచుండును. నహపానుని ముఖమును గోరు వేడుకకాని కిది చెడిన నాణెము. శాతకర్ణి పేరును స్పష్టముగా గోరువానికి నిది మసకబాఱిన నాణెము. ఒక్కొక్కటిగా జూచిన నిరువురికిని అసంతృప్తియే. చరిత్రకారునికి మాత్ర మీ కలగాపులగమే సారము. గౌతమీపుత్రుడు క్షహరాతవంశమును నిర్మూలించెనని యాతని తల్లి గౌతమీ బలశ్రీ నాసికశాసనము చెప్పుచున్నది. శాసనము కుమారుని గొనియాడు తల్లి మాట. అతిశయోక్తి యని యెవడైన శంకింపవచ్చును. శత్రువు కోశమందలి నాణెములపై విజేత ముద్ర పడుట యతిశయోక్తి కాజాలదు. ఆదేశము స్థానివంటి దగునని శాస్త్రము. ఇచ్చట స్థానియు నాదేశమును నొక్క బిళ్ళమీదనే కలిసి కానవచ్చుచున్నవి. ఆ నహపానముఖము పూర్తిగా నఱగిపోయి, శాతకర్ణి ముద్ర యొక్కటే నిర్మలముగా నిలిచి యుండినచో నాణె మందముగా నుండెడిది, విలువ తక్కువయ్యెడిది.

ఇంతవఱకు జెప్పినవాని నొక్క సూత్రముగా గూర్పవచ్చును. నాణెమును నడపినవారు, పరీక్షించినవారు, గెలిచినవారు, ధరించినవారు చేసిన క్షతి సాక్ష్యమును గొంత తీసికొని కొంత యిచ్చును. నాణెము జీవితము ముగిసిన తరువాత మనము చేయు క్షతి సాక్ష్యమును దీసికొనునే గాని యేమియు నీయదు. వెలను, విలువను గూడ జెఱచునది యీ రెండవదియే. లోపములలో లుక్కని యొక భేదము కలదు; అచ్చట లోపించిన ప్రత్యయము నిమిత్తముగా నంగకార్యము జరుగదు. నేటివారు నాణెములను దోముట యట్టి లుక్కు.

పొలమున నాణెము దొరకగనే దానిని జింతపండుతోను, నిమ్మరసముతోను, బూడిదతోను, ఇటుకపొడితోను దోముట మన యూళ్ళలో నలవాటు. తళతళలాడినచో వెల వచ్చునని యాశ. ఫలము తద్విరుద్ధము. రాగినాణెముమీది గట్టి పచ్చపొర శతాబ్దములుగా నేర్పడినది; క్రింది యక్షరములను గాచుచున్నది; క్షుణ్ణముగా నెఱిగినవాడు దానిని జూచియే ప్రాచీనతను గుర్తించును. పులుసు తగిలిన నది కరగిపోవును. ఇసుకయు, ఇటుకపొడియు నక్షరముల యంచులను గోసివేయును. పై జెప్పిన తూనికల లెక్క యంతయు నాణెము నరుగుదలమీద నాధారపడినది గదా. పులుసు తినివేసిన వెండిని జేతులు తినివేసిన వెండినుండి వేఱుపఱుచు టెట్లు? ఒక్క తోముడుతో నా సాక్ష్యము నోరు మూతపడును.

దాచుటలోను క్షతి కలదు. రాగినాణెముమీద లేతపచ్చని పొడి రేగుచున్నచో నది కాపాడు పొర గాదు. మట్టిలోని యుప్పు రాగితో గలసి, గాలిలోని తడిచే లోహమును లోలోపల తినుచున్నదని యర్థము. దానిని బొడిచోటనుంచి, యెఱిగినవారికి జూపవలెను. సాతవాహనుల నాణెములలో బెక్కులు సీసపువి. వానిని గొన్ని రకముల కొయ్యపెట్టెలలో నుంచినచో గొయ్యనుండి వెలువడు పులుసుగాలికి సీసము తెల్లనిపొడి యగును. రెండువేల యేండ్లు మట్టిలో నిలిచిన యక్షరము మన బీరువాలో గొలది సంవత్సరములకే రాలిపోవచ్చును. మెత్తని కొన్ని ప్లాస్టిక్కు సంచులును రాగిమీద జిగటపచ్చను బుట్టించును.

కూటనాణెములవారు క్షతిని మఱియొక విధముగా వాడుకొందురు. పోతపోసిన క్రొత్తనాణెమున నంచునందలి యతుకు కానరాకుండునట్లు గీరుదురు, నలగగొట్టుదురు, రంగు వేయుదురు. గాయమును జూచి పాతదని నమ్మువాడు మోసపోవును. గాయమును జూచి చెడినదని త్రోయువా డసలైనదానిని బోగొట్టుకొనును. మంచిదానిని గూటమనియు, గూటమును మంచిదనియు జెప్పు నాణకపరీక్షకునకు యాజ్ఞవల్క్యస్మృతి యుత్తమసాహసదండమును విధించినది. పరీక్షకుని తప్పును ధర్మశాస్త్రకారు లెంత గురుతరముగా నెంచిరో దీనివలన దెలియుచున్నది.

అన్నిటికంటె గొప్ప క్షతి యొకటి మిగిలినది. అందులో నొక్క నాణెమునకును గాయము కలుగదు. అది నిధి చెదరుట. కుండలో నూఱు నాణెములు దొరకినవనుకొందము. పదుగురు పంచుకొని పది యూళ్ళ నమ్మిరి. ప్రతినాణెమును నిర్దుష్టముగనే యున్నది, వెల తగ్గలేదు. కాని యే నాణె మే నాణెముతో గలసియున్నదో యిక నెవ్వడును జెప్పలేడు. పదములన్నియు మిగిలి వాక్యము నశించినట్లైనది. జోగల్‌తెంబి నిధినుండి తిరిగి కొట్టినవియు, కొట్టనివియు విడిపోయి యుండినచో రెంటి నిష్పత్తి మనకు దెలిసెడిది కాదు. భిర్ దిబ్బలోని గ్రీకునాణెములు వేఱుగా నమ్ముడుపోయి యుండినచో గార్షాపణముల కాలమునకు నా యాధారమే లేదు.

పల్లెపాఠశాలలలోని పండితుల కీ విషయమున గొంత చేయదగిన పని కలదు. బాలుడు పొలమున దొరకిన నాణెమును దెచ్చినపుడు దానిని గడుగనీయరాదు, గీరనీయరాదు. ఊరు, పొలము, లోతు, దొరకిన దినము, తోడనున్న కుండపెంకులు మొదలగునవి వెంటనే వ్రాసికొనవలెను. మట్టితోనే రెండువైపుల ఛాయాచిత్రము తీయించి, తూచి, వేఱువేఱు కాగితములలో నుంచవలెను. కాగితము పఱచి పెన్సిలుతో రుద్దుట సీసపునాణెములకు బనికిరాదు, అది మెత్తనిలోహము. నేలలో దాగిన నిధి పదిరూపాయల విలువకు మించినచో గలెక్టరునకు వ్రాతమూలముగా దెలుపవలెనని 1878 నాటి నిక్షేపముల చట్టము విధించుచున్నది. దెలిపినవాడు నష్టపోవునను భయముచే బెక్కునిధులు కంసాలి మూసలో గరగిపోవుచున్నవి. ఆ భయమును దీర్చి, చట్టమును దెలియజెప్పుటకు నూరిలో బండితునికంటె దగినవా డెవడు?

కావున నాణెముమీద గాయము కనబడినపు డది పోయినదని యనుకొనుటకు ముందు మూడు ప్రశ్నలు వేసికొనవలెను: ఈ దెబ్బ యెవ్వడు కొట్టెను? ఎప్పుడు కొట్టెను? దేనిని దీసికొని దేనిని జెప్పుచున్నది? సమాధానము దొరకిన గాయము రూపములో నొక భాగము. దొరకనిది మాత్రమే క్షతి. రూప్యశబ్దమునకు బాణిని రెండర్థములు చెప్పెను: ఆహతము, ప్రశస్తము. ఆహతమైన దానిలో బ్రశస్త మేదో యెఱుగుట పరీక్షకుని పని. ఎఱుగకమునుపు తోమకుండుట మన యందఱి పని.